సుగుణ తినని పండు

కోపం లేకుండా, కత్తి పట్టకుండా, కేవలం జాగ్రత్తతో భార్యను చంపబోయిన మనిషిని మీరు చూసి ఉండరు. చూడాలనిపిస్తే బెళ్ళందూరులో మా అపార్ట్‌మెంట్‌కి రండి. పొద్దున్నే మఫ్లర్ చుట్టుకుని, కరెంటు డబ్బాల మూతలు సరిగా పడ్డాయో లేదో తట్టి చూసుకుంటూ నడిచే ముసలాయన కనిపిస్తాడు. ఆ మహానుభావుణ్ణి నేనే.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ని. వాల్వులు, స్విచ్చులు, తలుపులు కట్టేయడమే నా వృత్తి. రిటైరయ్యాక కట్టేయడానికి ఇల్లొకటే మిగిలింది. కొత్తిమీర కట్ట కోసం కిందికి దిగినా సరే, సిలిండర్ దగ్గర వంగి, రెగ్యులేటర్ తిప్పి, స్టవ్ దగ్గర చెవి పెట్టి విని, ఆ తర్వాతే చెప్పులు వేసుకుంటాను. మీ ఇళ్ళల్లోనూ చేస్తారు, నాకు తెలుసు. కాకపోతే మీరు చేసి మరిచిపోతారు. నేను రాత్రి డైరీలో ‘గ్యాస్ కట్టబడినది’ అని కూడా రాసేవాణ్ణి.

ఇక యూరప్ సంగతి. ఒకరోజు రింగ్ రోడ్డు మీద ఆటోలో ఎంతసేపు కూర్చున్నా సిగ్నల్ దాటలేకపోయాం. అప్పుడు మా సుగుణ అంది: “ఏమండీ, ఇక్కడ నిలబడిన టైములో యూరప్ అంతా చుట్టి వచ్చుండొచ్చు.” తమాషాకే అంది. నేను ఇంటికొచ్చి మ్యాపు పరిచాను. ఏడాది తిరిగేసరికి జర్మనీలో ఒక క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని, వీసా ఇచ్చినన్నాళ్ళూ తిరగడానికి బయలుదేరాం. పడక, వంటిల్లు, స్నానాలగది అన్నీ చక్రాల మీదే.

సుగుణకు షుగర్. వయసులో ఉన్నప్పటి నుంచీ ఇన్సులిన్ మీదే బతుకు. పూటకో సూది పడాల్సిందే. అందుకని ప్రయాణానికంతా సరిపడా మందు ఫ్లాస్కులో తెచ్చుకుని వ్యాన్‌లోని చిన్న ఫ్రిజ్‌లో సర్దాం. బండి అప్పజెప్పిన కుర్రాడు అన్నీ చూపించి, “ఫ్రిజ్ గురించి మీరేం పట్టించుకోనక్కర్లేదు. అంతా ఆటోమేటిక్, దాని సంగతి అదే చూసుకుంటుంది” అన్నాడు. నేను తలూపాను. ఫ్రిజ్ అంటే కరెంటు, గ్యాస్ అంటే వంట. ఇందులో అడగాల్సిందేముంది?

గ్యాస్ సిలిండర్ మాత్రం వ్యాన్ వెనక ఒక అరలో ఉండేది. దాన్ని చూడగానే నాకు చిన్ననాటి స్నేహితుడు కనబడినట్టయింది. ఎక్కడ బండి ఆపి ఊరు చూడటానికి దిగినా, సుగుణను ముందు నడవమని, తాళం వేసి, వెనక్కి వెళ్ళి దాన్ని కట్టేసేవాణ్ణి. సాయంత్రం వచ్చి వంటకోసం మళ్ళీ తెరిచేవాణ్ణి. రాత్రంతా మేం లోపలే ఉంటాం గనక తెరిచే ఉంచేవాణ్ణి. మనుషులున్న ఇంట్లో గ్యాస్‌కి కాపలా ఉన్నట్టే కదా!

జర్మనీ చల్లగా గడిచిపోయింది. దక్షిణ ఇటలీకి దిగేసరికి నడివేసవి. సాయంత్రం వ్యాన్ తలుపు తెరిస్తే ఇటుకల బట్టీలోంచి వచ్చినట్టు సెగ ముఖానికి కొట్టేది. ఫ్రిజ్‌లో వెన్న కరిగి నూనెయ్యేది. “ఈ దేశపు వెన్నకి గట్టిదనం లేదు” అన్నాను. పాలు విరిగాయి. “పాలల్లో నిజాయితీ లేదు” అన్నాను. పొద్దున చూస్తే ఫ్రిజ్ మళ్ళీ మంచులా ఉండేది. నేను ఫ్రిజ్‌ని తప్ప మొత్తం ఇటలీని అనుమానించాను.

సుగుణ షుగర్ పెరగడం మొదలైంది. దాహం, నీరసం, మాటిమాటికీ బాత్రూము. మహదేవపురలో ఉండే ఆమె చెల్లెలు రూత్ నర్సుగా పనిచేసి రిటైరైంది. ఆమెకు ఫోన్ చేశాం.

“ఇన్సులిన్ చల్లగా ఉండాదా బావా?”

“ఎవర్ని అడుగుతున్నావమ్మా?” అని ఫోన్ పట్టుకెళ్ళి ఫ్రిజ్ తెరిచి చూపించాను. పొద్దుటి పూట కదా, తెల్లటి పొగ వచ్చింది. “చూడు, హిమాలయం!”

“సరే, డోసు కొంచెం పెంచండి. అక్క తిండి చూసుకో బావా.”

ఆ చివరి మాట నాకు పోలీసు ఉద్యోగం ఇచ్చినట్టయింది. జామ్ సీసా నా చెప్పుల పెట్టెలోకి మారింది. బిస్కెట్లు డ్రైవరు సీటు కిందికి వెళ్ళాయి. డోసు పెంచినా షుగర్ దిగలేదు.

“నిజం చెప్పు సుగుణా. ఏం తింటున్నావు?”

“మీరు పెట్టిందే తింటా ఉండా. ఇంకేం ఉండాది ఈ డబ్బాలో తినేదానికి?”

“నిన్న ఐస్‌క్రీమ్ బండి దగ్గర నిలబడ్డావు.”

“నిలబడితే షుగర్ పెరుగుతాదా? చూస్తే కూడా పెరుగుతాదేమో, కళ్ళకి గంతలు కట్టండి!”

“నేను ఫ్యాక్టరీలో ఎంతమందిని చూశాను! అందరూ ఇలాగే అంటారు.”

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. డైరీలో ‘సుగుణ మాట తప్పుచున్నది’ అని రాశాను. అందమైన దస్తూరీ నాది.

మర్నాడు పొద్దున సముద్రం పక్కన, ఇలాంటి బళ్ళు నిలుపుకునే క్యాంపులో బండి ఆపి ఉంది. ఆమె లేవలేదు. రెండుసార్లు వాంతి చేసుకుంది. పరుగెత్తి వచ్చినదానిలా ఊపిరి తీస్తోంది. లేపి కూర్చోబెట్టబోతే నోట్లోంచి గుప్పున వాసన వచ్చింది. మాగిన పండ్ల వాసన.

ఆ క్షణాన నాకు కలిగిన భావం చెబితే మీరు నన్ను మళ్ళీ పలకరించరు. నాకు కలిగింది సంతోషం. దొరికిపోయింది!

“ఏ పండు తిన్నావు?” అన్నాను. “పీచ్ పండేనా? ఎక్కడ దాచావు?”

ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. మళ్ళీ మూసుకుంది.

సాక్ష్యం దొరికిన ఉత్సాహంలోనే రూత్‌కి ఫోన్ చేశాను. “మీ అక్క దొంగతనంగా పండ్లు తిన్నది. నోరంతా అదే వాసన. ఇప్పుడు వాంతులు చేసుకుంటూ...”

“పండ్ల వాసనా?” అటువైపు గొంతు మారిపోయింది. “ఊపిరెట్లుండాది?”

“గబగబా తీస్తోంది. కానీ ముందు ఆ పండు...”

“బావా, నోరు ముయ్యి! అది పండు కాదు, ఒంట్లో విషం. ఇన్సులిన్ పనిచెయ్యకపోతే వచ్చే వాసన అది. సుమ్నె, ఊరికే మాట్లాడతా కూర్చుంటే మనిషి దక్కదు. ఆస్పత్రికి తీస్కపో!”

తర్వాత జరిగిందాన్ని నవ్వించేలా చెప్పడం ఇన్నేళ్ళయినా నాకు చేతకాలేదు. క్యాంపు యజమాని అంబులెన్సు పిలిచాడు. ఆస్పత్రి కౌంటర్లో పేషెంటు పేరు అడిగితే, ఇంతకాలం కాపురం చేసినవాణ్ణి, ఒక్క క్షణం గుర్తు రాక నిలబడిపోయాను. తలుపు అవతల ఆమె. ఇవతల బెంచీ మీద నేను, నా ఒళ్ళో ఆమె చెప్పులు. ప్రార్థన చేద్దామంటే ‘ఏ పండు తిన్నావు’ అన్న నా గొంతే వినిపించింది. ఆమె నాతో మాట్లాడకుండానే వెళ్ళిపోతే, నేను ఆమెతో ఆఖరున అన్న మాట అదే అవుతుంది.

దక్కింది. డాక్టరమ్మ మా ఇన్సులిన్ సీసాను వెలుగుకి ఎత్తి చూపించింది. అడుగున ముక్కలు ముక్కలుగా విరిగి ఉంది. “ఇది మందు కాదు, నీళ్ళు. ఎండలో ఉడికింది. ఎక్కడ పెట్టారు?”

“ఫ్రిజ్‌లోనండీ!” అన్నాను, ఛాతీ విరుచుకుని.

ఆమె నన్ను అబద్ధాలకోరు అనుకుంది. నేను ఆమెను ఇటలీ వెన్నతో జమకట్టాను.

సుగుణను వ్యాన్‌కి తీసుకొచ్చాక, కొత్త మందు ఫ్రిజ్‌లో పెట్టి, ఆమెకు దుప్పటి కప్పి, రొట్టె కోసం బయలుదేరాను. మామూలు ప్రకారం వెనక్కి వెళ్ళి వంగాను. కట్టేశాను. నాలుగడుగులు వేశానో లేదో లోపలినుంచి నీరసమైన కేక వినిపించింది.

“ఏమండీ! ఏం చేసినారు ఇప్పుడు?”

“ఏం చేశాను? గ్యాస్ కట్టేశాను.”

“ఈ ఫ్రిజ్ మీద పచ్చ దీపం ఎర్రగా అయింది. మళ్ళీ తెరవండి.”

తెరిచాను.

“పచ్చగా అయింది. మళ్ళీ కట్టండి.”

కట్టాను.

“ఎర్రగా అయింది.”

బండి ఆగి ఉంటే ఆ ఫ్రిజ్ గ్యాస్ మీదే నడుస్తుందట. మంట పెట్టి మంచు చేస్తారని నాకెవరు చెప్పారు? చెప్పడానికి ఆ కుర్రాడున్నాడు. నేనే అడగలేదు. ప్రతి పగలూ ఎండలో, తలుపులన్నీ బిగించి, ఆమె ప్రాణాన్ని నా చేత్తో నేనే ఉడకబెట్టాను.

వాల్వు తెరిచి, లోపలికెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె తిడితే బాగుండుననిపించింది. చివరికి అంది:

“రొట్టె వద్దు. పోయి ఒక పీచ్ పండు తెండి.”

“పీచ్ పండా? డాక్టరమ్మ...”

“డాక్టరమ్మను అడిగినా. సూది వేసుకుని సగం తినొచ్చంది. శిక్ష ఎట్లాగూ ముందే పడింది కదా, నేరం ఇప్పుడు చేస్తా.”

తెచ్చాను. కడిగి, కోసి, పళ్ళెంలో పెట్టాను. ఆమె ఒక్కో ముక్కా నిదానంగా, నా కళ్ళల్లోకి చూస్తూ తిన్నది. రసం మోచేతి దాకా కారింది. తుడుచుకోలేదు. మిగిలిన సగం నా ముందుకు తోసింది. అంత చేదు పండు నేను జన్మలో తినలేదు.

మిగతా యూరప్ చూడకుండానే తిరిగొచ్చేశాం. అందుకని, మా బెళ్ళందూరు ఇంటి మూడు సిలిండర్ల సాక్షిగా, చదువుతున్న మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా భార్యకు జబ్బు చేస్తే ముందు డాక్టర్ని పిలుస్తాను, ఆ తర్వాత నన్ను నేను సోదా చేసుకుంటాను, అప్పటికీ దోషి దొరక్కపోతే కేసు కొట్టేస్తాను.