నాష్‌విల్‌లో అమ్మాయిల గోపురం

శుక్రవారం తెల్లవారుజామున ఐదింటికి నోవైలో ఉమ చదివే బడి ముందు బస్సెక్కాం. మిషిగన్‌లో ఫిబ్రవరి అంటే మంచు మోకాలి లోతు. డ్రైవరు అద్దం మీది మంచు గీకుతుండగా ఇరవైమంది ఆడపిల్లలు దుప్పట్లు కప్పుకుని, జుట్టు ఉంగరాలు తిరగాలని ప్లాస్టిక్ చుట్టలతో బిగించుకుని, నిద్రకళ్ళతో ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. వాళ్ళలో ఉమ మా తమ్ముడి కూతురు. ఆ ఏడాదితో బడి చదువు అయిపోతుంది.

ఎనభై ఐదు చివర నేను ఆరునెలల కోసం తమ్ముడి ఇంటికి వచ్చాను. తమ్ముడూ మరదలూ ఇద్దరూ డాక్టర్లు. ఆ శనాదివారాలు ఇద్దరికీ ఆసుపత్రి డ్యూటీ పడింది. ప్రతి పిల్లతోనూ ఇంట్లో పెద్దవాళ్ళొకరు రావాలని నియమం. "నువ్వు వెళ్ళిరా అన్నయ్యా, టెనెసీ చూసినట్టూ ఉంటుంది" అన్నాడు తమ్ముడు. ఎవరికో కాపలాగా వెళ్ళడం నాకు అలవాటు లేదు. అయినా ఇంటి పని కనక ఒప్పుకున్నాను.

వీళ్ళ ఆటను చీర్‌లీడింగ్ అంటారు. మొదట్లో ఇది బంతాటల దగ్గర గట్టు మీద నిలబడి, రంగు కుచ్చులు ఊపుతూ, తమ జట్టుకు జేజేలు కొట్టించే పని. ఇప్పుడు దీనికే వేరుగా పోటీలు పెడుతున్నారు. గంతులు, పిల్లిమొగ్గలు, ఒకరి మీద ఒకరు నిలబడి గోపురాలు కట్టడం, అన్నీ రెండున్నర నిమిషాల్లో అయిపోవాలి. ఆ రెండున్నర నిమిషాల కోసం మేము పదకొండుగంటల ప్రయాణం చేస్తున్నాం. ఉమ రెండేళ్ళుగా సాధన చేస్తోంది.

టొలీడో దాటేసరికి తెల్లవారింది. నా పక్క సీటులో డోనా అనే ఆవిడ కూర్చుంది. కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించే పని. ఆవిడ కూతురు ట్రేసీ కూడా ఈ జట్టులోదే. మరదలు కట్టి ఇచ్చిన చపాతీ, బంగాళాదుంప కూర ఆవిడకూ పెట్టాను. కారానికి ముక్కు తుడుచుకుంటూనే మొత్తం తింది.

"మా ట్రేసీ పైన నిలబడే పిల్ల" అంది. "నిలబడేది మీ ఉమ భుజాల మీదే" అని వియ్యపురాలి చనువుతో నా మోచెయ్యి తట్టింది.

నేను కిటికీ వైపు తిరిగాను. ఆవిడ మాత్రం ఆగలేదు. బస్సు అద్దెకూ పోటీ రుసుముకూ ఏడాదంతా పిల్లలు ఆదివారాలు పెట్రోలు బంకు దగ్గర ఊళ్ళోవాళ్ళ కార్లు కడిగారట. ఉమ అందరికంటే ఎక్కువ కడిగిందట.

"ఇంకొక్కటి. మీరు కొత్త కాబట్టి చెబుతున్నా" అంది డోనా. "పిల్లను ఎక్కడ నిలబెట్టాలన్న సంగతి కోచ్‌తో ఎత్తకండి. ఇంటివాళ్ళు ఎత్తితే ఆ పిల్ల తర్వాతి ఆటకు కూర్చోవలసిందే. పోయినేడు ఒక తండ్రి నోరు పారేసుకున్నాడు. కూతురు బెంచీ మీద కూర్చుని ఏడ్చింది."

అలాంటి నియమం సిఫారసులు చేసుకునేవాళ్ళ కోసం అనుకున్నాను. నన్ను గురించి అనుకోలేదు.

సిన్సినాటి దగ్గర ఒహాయో నది దాటాం. నీళ్ళ మీద మంచు పలకలు తేలుతున్నాయి. లూయివిల్ దాటాక మంచు పలచబడి గడ్డి కనిపించింది. నాష్‌విల్ చేరాక గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోవాలి. అక్కడి టైము ప్రకారం మూడున్నరకు హోటలు ముందు దిగాం. పోటీ కూడా ఆ హోటలును ఆనుకుని ఉన్న పెద్ద హాల్లోనే. పోటీకి వచ్చినవాళ్ళు ఆ హోటల్లోనే దిగాలి. పిల్లలకు నలుగురికొక గది. మగవాళ్ళం ఇద్దరమే కనక నాకూ బస్సు డ్రైవరుకూ కలిపి ఒకటి ఇచ్చారు. మర్యాదస్తుడు. గురక కూడా మర్యాదగానే పెట్టాడు.

శనివారం పొద్దున హాలుకు వెళ్ళే నడవాలో అడుగు పెట్టి నిలబడిపోయాను. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా బల్లలు. తెల్ల జోళ్ళు, మడతల పావడాలు, నాలుగు వేళ్ళ వెడల్పు రిబ్బన్లు, వేసవి శిక్షణ శిబిరాల ప్రకటనలు, అప్పటికప్పుడు తీసి అమ్మే ఫొటోలు, వీడియో క్యాసెట్లు. చూసేవాళ్ళకు టికెట్టు, ఆడేవాళ్ళకు రుసుము. మా తాతగారు దసరాకు సాముగరిడీల వాళ్ళను పిలిపించి పదిరోజులు ఆడించేవారు. వాళ్ళకు బట్టలు పెట్టి, బియ్యం కొలిచి పంపేవారు. మా ఆస్తి వెళ్ళిపోయిన దారుల్లో అదొకటి. ఇక్కడ ఆడేవాళ్ళే డబ్బు కట్టి ఆడతారు. బట్టలు కూడా ఆడించేవాడి దగ్గరే కొనుక్కుంటారు. అతడు ఏటేటా బాగుపడతాడు. మా తాతగారు బతికుంటే ఇక్కడికి తీసుకువచ్చి చూపించేవాణ్ణి. ఇంత తెలివిగల ఏర్పాటును ఆయన తప్పక మెచ్చుకునేవారు, కాని అనుసరించేవారు కాదు.

లోపల మరో లోకం. నీలం పరుపులు పరిచిన పెద్ద వేదిక, పైన ఎండను మించిన దీపాలు, చుట్టూ వేలమంది. నలభై రాష్ట్రాల నుంచి వచ్చారన్నారు. జట్టు తర్వాత జట్టు పరిగెత్తుకు వచ్చి, ఒక్కసారిగా చేతులు పైకెత్తితే ఇరవై జతల చేతులు ఒకే మనిషివిలా లేచేవి. పిల్లలు గాలిలోకి లేచి, ఒక్క క్షణం అక్కడే ఆగి, ఇక దిగనక్కర్లేదేమో అన్నట్టు కనిపించి దిగేవారు. ప్రతిసారీ నా ఊపిరి వాళ్ళతోబాటు పైకి వెళ్ళేది. చిన్నప్పుడు గరిడీవాళ్ళను ఎంతో చూశాను. వాళ్ళది బలం. ఇది బలమూ, నవ్వూ. మొహంలో శ్రమ కనిపిస్తే మార్కులు పోతాయట.

పదకొండున్నరకు మా పిల్లలు వచ్చారు. ఎక్కబోయే ముందు ట్రేసీ జోళ్ళ అడుగులు తడిగుడ్డతో తుడుచుకోవడం చూశాను. తర్వాత ఆ పిల్ల ఉమ తొడ మీద ఒక కాలు, భుజం మీద ఒక కాలు వేసి, నిచ్చెన ఎక్కినంత సులువుగా పైకి వెళ్ళి నిలబడి చేతులు చాచింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. అందరూ ట్రేసీని చూశారు. నేను ఆ తెల్ల జోళ్ళ కింద మా ఇంటి పిల్ల భుజాలను చూశాను. మనలో పొరపాటున కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటాం.

మా జట్టు మర్నాటి తుది పోటీకి ఎంపికైంది. పిల్లలు గంతులేస్తున్నారు. నేను తిన్నగా కోచ్ మిసెస్ హాల్ దగ్గరికి వెళ్ళాను. లెక్కల టీచరు. పొట్టి మనిషి, మెడలో ఈల.

"అమ్మా, నేను సిఫారసు చెయ్యడానికి రాలేదు" అన్నాను. "ఒక సంగతి తెలియజేస్తున్నాను. మా కుటుంబంలో ఆడపిల్ల మీద ఇంకొకరు కాలు పెట్టే ఆచారం లేదు. రేపు ఉమను పైన నిలబెట్టండి."

"అంతేనా?"

"అంతే."

"రూలు మీకు చెప్పారా?"

"చెప్పారు."

"సరే. రేపు ఉమ బెంచీ మీద కూర్చుంటుంది" అని ఈల ఊది పిల్లలను పోగుచేసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం హోటలు క్యాంటీన్‌లో ఉమ నా ఎదుట కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"పెద్దనాన్నా, ఎందుకు మాట్లాడావ్? నీకు రూల్ తెల్సు కదా?" అంది. ఆ పిల్లకు 'మీరు' అనడం రాదు.

"నీ మర్యాద కోసం అమ్మా."

"నా మర్యాదా? నాకు లాస్ట్ ఇయర్ పెద్దనాన్నా! మళ్ళీ నెక్స్ట్ ఇయర్ లేదు నాకు. పైన లైట్‌గా ఉండేవాళ్ళు ఎవరైనా ఉండొచ్చు. కింద నేనే ఉంటానని నేను అడిగాను. నేను పైకి చూడకూడదు, తెల్సా? ట్రేసీకి భయమేస్తే దాని కాళ్ళు చెప్తాయి నాకు. అప్పుడు నేను కొంచెం అడ్జస్ట్ చేస్తాను. అది ఇంకెవరికీ రాదు."

పక్క బల్ల నుంచి ట్రేసీ వచ్చి నిలబడింది. "నేను మరీ బరువుగా ఉన్నానా అంకుల్? క్రిస్మస్‌కు డోనట్లు తిన్న మాట నిజమే" అంది. నవ్వించాలని చూసింది గాని, ఉమ చెయ్యి పట్టుకుని వదల్లేదు. మర్నాడు అది కొత్త పిల్ల భుజాలెక్కాలి.

ఆదివారం ఏడింటికి టిఫిను. మొక్కజొన్న నూకతో చేసిన జావలాంటి గ్రిట్స్ పెట్టారు. ఉప్పు వేసుకుంటే బాగానే ఉంటుంది. నేను సగం వదిలేసి మిసెస్ హాల్ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ కూర్చోమనలేదు.

"క్షమించండి" అన్నాను. ఆ మాట ఇంగ్లీషులో అనడం అదే మొదలు. తెలుగులోనూ అరుదే. "రూలు మంచిదే. తప్పు జరిగితే ఎవరో ఒకరు కూర్చోవలసిందే. తప్పు నాది కాబట్టి నేనే కూర్చుంటాను. ఉమను ఆడనివ్వండి. నేను హాల్లోకి రాను."

ఆవిడ కాఫీ కప్పు దించి నన్ను చూసింది. "ఇంత దూరం వచ్చి ఫైనల్ చూడకుండా?"

"చూడకుండా."

"తలుపు దగ్గర కాదు, బల్లల అవతల కూర్చోవాలి. తొంగిచూస్తే ఆట మధ్యలో అయినా పిల్లను దింపేస్తాను."

"మాట ఇచ్చాక మా ఇంట్లో తొంగిచూడరు."

"మీ ఇల్లేమిటో నాకు తెలియదు" అని మిసెస్ హాల్ మొదటిసారి నవ్వింది. "మా ఊరి తండ్రులకు మాత్రం మీరు పాఠాలు చెప్పాలి."

రెండింటికి రిబ్బన్లమ్మే ఆవిడ బల్ల వెనక కుర్చీలో కూర్చున్నాను. నడవా ఖాళీ అయిపోయింది. కొనేవాళ్ళంతా లోపలే ఉన్నారు. నా కాళ్ళ కింద నేల మాత్రం అదురుతూనే ఉంది. జట్టు మారినప్పుడల్లా గోడ అవతల ఒక పాట ఆగి ఇంకో పాట అందుకునేది. తర్వాత మైకులో మిషిగన్ పేరు వినిపించింది. నేను కుర్చీ అంచుకు జరిగాను.

పాట, అడుగుల చప్పుడు, పిల్లల కేకలు. తర్వాత కేకలు ఆగాయి. ట్రేసీ ఎక్కుతోందన్నమాట. వేలమంది ఉన్న హాలు అంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు తెలియదు. ఆ నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా "హా" అని వచ్చింది. అది మెచ్చుకోలు కాదు. పెద్ద పళ్ళెం జారినప్పుడు ఇల్లంతా పీల్చే ఊపిరి.

లేచి నిలబడ్డాను. తలుపు ఇరవై అడుగుల దూరంలో ఉంది. రిబ్బన్ల ఆవిడ "వెళ్ళి చూడండి, ఎవరూ ఏమీ అనరు" అంది. కదలలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు హాలు పేలింది. చప్పట్లూ, కేకలూ, బల్లల మీది రిబ్బన్ల చుట్టలు దొర్లేంత హోరు. తలుపు తోసుకుని డోనా పరిగెత్తుకు వచ్చి, అడగకుండానే నన్ను కౌగలించుకుంది. "పట్టుకుంది! మీ పిల్ల పట్టుకుంది! ట్రేసీ కాలు జారింది. ఉమ పైకి చూడనేలేదు, ఇలా ఒంగి, మడమ పట్టుకుని నిలబెట్టింది!" అని నా భుజం మీదే చేసి చూపించింది. ఆవిడ కన్నీళ్ళు నా కోటు మీద పడ్డాయి. నావి ఎక్కడ పడ్డాయో చూసుకోలేదు.

కాలు జారినందుకు మార్కులు పోయాయి. మా వాళ్ళకు ఐదో స్థానం. బహుమతులు మూడింటికే. పిల్లలు ఏడ్చారు, మళ్ళీ నవ్వారు, నాలుగున్నరకు బస్సెక్కారు. ఎక్కేముందు డోనా తుదిపోటీ క్యాసెట్టు కొని, నన్నూ కొనుక్కోమంది. వద్దన్నాను. చూడనని నేనిచ్చిన మాట తలుపు ఒక్కదాని గురించే కాదు.

ఆ పోటీలకు వెళ్ళదలచినవారికి రెండు మాటలు. చొక్కా మీద స్వెటరు చాలు, టెనెసీలో చలి తక్కువ. హాల్లో కుర్చీ కోసం గంట ముందే వెళ్ళండి. ఆ బల్లల మీద అమ్మేదంతా చూసి ఇది వ్యాపారం అని పెదవి విరవకండి. వ్యాపారమే. కాని వాళ్ళు అమ్మేవి జోళ్ళు, రిబ్బన్లు. ఆ నిశ్శబ్దాన్ని ఏ బల్ల మీదా పెట్టలేదు. అమెరికాలో ఆకాశాన్నంటే మేడలు చూశాను, జలపాతం చూశాను. నన్ను నిలబెట్టేసింది మాత్రం నేను చూడని ఆ రెండున్నర నిమిషాలు.

కెంటకీలో రాత్రి భోజనానికి దారి పక్క హోటల్లో ఆగాం. కౌంటరు ముందు ఎత్తు కుర్చీలు. నా పక్కన ఒక లారీ డ్రైవరు గుడ్లూ, మాంసమూ తింటున్నాడు. పిల్లల జాకెట్ల మీది అక్షరాలు చదివి, ఎక్కడి నుంచి, ఏం పోటీ అని అడిగాడు. చెప్పాను.

"అందులో మీ పిల్ల ఎవరు?" అన్నాడు. ట్రేసీ చిటికెన వేలంత సన్నగా, బంగారు జుట్టుతో అందరికంటే ముందు కనిపిస్తోంది. "ఆ పైకెక్కే పిల్లా?"

"కాదు" అన్నాను, గొంతు కొంచెం పెంచి. అక్కడున్న నలుగురూ వినాలనిపించింది. "ఆ పిల్ల నిలబడేది మా పిల్ల మీద."

ఉమ అప్పుడే కుర్చీ వెతుక్కుంటూ అటు వచ్చింది. లారీ డ్రైవరు ఆ పిల్ల భుజాల కేసి ఒకసారి చూసి, కూర్చోమన్నట్టు తన కుర్చీ వదిలి, పళ్ళెం తీసుకుని పక్క కుర్చీలోకి జరిగాడు.