చారల చేపను తెచ్చిన నెల

మొన్న మహబూబ్‌నగర్ గ్రంథాలయంలో, అలంకార చేపల పెంపకం గురించిన పాత పుస్తకం మళ్లీ చేతికొచ్చింది. సంకర చేపల పేజీలో పెన్సిల్ గీత ఉంది. గీసింది నేనే. గ్రంథాలయ పుస్తకంలో గీతలు గీయకూడదని తెలుసు. కానీ అప్పుడు ఏదో కనిపెట్టినంత సంబరం. ఆ పేజీ చదివి ఇంకొకరు నాలాగే చేయకముందే, అందులో లేని సంగతి ఎక్కడో ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను జడ్చర్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. బడి చదువు పదో తరగతి వరకే. మిగతాదంతా సెలవు రోజుల్లో గ్రంథాలయంలో నేర్చుకున్నదే. కిరాయికున్న ఇంటాయనను తాత అనేవాణ్ణి. ఆయన భార్య, అవ్వ, పోయి అప్పటికి నాలుగేండ్లు. ఆ ఊళ్లో నేను తట్టకుండా లోపలికి పోగలిగిన తలుపు ఆయనదొక్కటే. డ్యూటీ దిగి రాగానే "చాయ్ తాగుతవారా" అని పిలిచేవాడు. ఇద్దరం గాజుతొట్టి ముందు కూర్చునేవాళ్లం. అందులో నారింజరంగు బ్లడ్ పారట్ చేపల జత. వేర్వేరు జాతులను కలిపి పుట్టించినవట. గుండ్రటి ఒళ్లు, పూర్తిగా మూతపడని చిన్న నోరు. "మీ సూపర్‌వైజర్ తీరుగున్నయి గదరా, నోరు మూయయి" అనేవాడు తాత.

నెలకోసారి అవి కుండపెంకును నోటితో రుద్ది శుభ్రం చేసుకునేవి. ఆడది వరుసగా గుడ్లు అంటించుకుంటూ పోతే, మగది దాని వెనకే వాటి మీదుగా ఈదేది. తర్వాత రెండూ వంతులేసుకుని రెక్కలతో గుడ్లకు నీళ్లు విసిరేవి. తాత నీళ్లలో వేలు పెడితే మగది ఉరికొచ్చి పొడిచేది. మూడో రోజుకు గుడ్లన్నీ సున్నం పలుకుల్లా తెల్లబడేవి. అయినా కాపలా మానేవి కావు.

"ఒక్కపారన్న పిల్లలైతే సూడాలెరా" అన్నాడు తాత ఒకరోజు. ఆ మాట పట్టుకుని పుస్తకాల మీద పడ్డాను. ఈ చేపల్లో మగవాటికి సాధారణంగా సంతానశక్తి ఉండదని, ఆడదానికి దగ్గరి జాతి మగదాన్ని జతచేస్తే పిల్లలు కావచ్చని దొరికింది. ఉరుక్కుంటూ వచ్చి తాతకు చెప్పాను.

"మరి వీన్నేం జేస్తం?" అని తాత మగదాన్ని చూపించాడు.

"చిన్న తొట్టిల ఏద్దం తాతా. కొన్ని రోజులే గద."

నల్లచారల మగచేపను తెచ్చి వేశాను. కొన్నాళ్లు ఒకటి తరుముతూ, ఒకటి తప్పించుకుంటూ గడిచాక జత కుదిరింది. ఈసారి గుడ్లు తెల్లబడలేదు, కదిలాయి. తోకలున్న చుక్కలు. తాత కండ్లద్దాలు తుడుచుకుని వంగి చూసి, "అయినయిరా" అన్నాడు మెల్లగా. పుస్తకం రాసింది నేనే అన్నట్టు నిలబడ్డాను. కాసేపటికి ఆయన కుర్చీని చిన్న తొట్టి వైపు తిప్పుకున్నాడు. అందులో పాత మగది మేత ముట్టకుండా, ఒక మూలన ఏమీ లేని గాజుకు రెక్కలతో నీళ్లు విసురుతోంది.

పిల్లలు కాస్త పెద్దయ్యాక వాటినీ, చారలదాన్నీ దుకాణంలో ఇచ్చేసి, పాతదాన్ని మళ్లీ పెద్ద తొట్టిలో వదిలాం. ఆడది దాన్ని దగ్గరికి రానియ్యలేదు. తరిమి తరిమి తోక చింపింది. తీసి మళ్లీ చిన్న తొట్టిలోనే వేశాం.

"నీ పుస్తకంల గిది రాయలేదారా?"

"లేదు తాతా."

"సరే తియ్, చాయ్ సల్లారుతాంది."

ఆ గొంతులో కోపం లేదు. కానీ మర్నాటి నుంచి పిలుపు రాలేదు. తలుపు ఎప్పటిలాగే తీసి ఉండేది. తాత వాకిలికి వీపు పెట్టి, చిన్న తొట్టి ముందు కూర్చుని ఉండేవాడు. నేను గడప దగ్గర కాసేపు నిలబడి, గదికి పోయి స్టవ్ వెలిగించుకునేవాణ్ణి. ఎండాకాలం దాటగానే వేరే గది చూసుకున్నాను.

గ్రంథాలయంలో పుస్తకం వెతికిచ్చిన సుజాత మేడమ్‌కు, ఉన్నవాటిలో మంచి చేపను ఏరిచ్చిన దుకాణం యాదగిరన్నకు, ఫ్యాక్టరీలో నా కోసం షిఫ్టులు మార్చుకున్న కిష్టయ్యన్నకు కృతజ్ఞతలు. తాతకు మాత్రం ఎదురుగా కూర్చుని చెప్పాలి. జడ్చర్ల మీదుగా ఎన్నోసార్లు పోతుంటాను. మొదట్లో చేసిన పనికి ముఖం చెల్లక బస్సు దిగలేదు. ఇప్పుడు, ఇన్నేండ్లు దిగనందుకు ముఖం చెల్లక దిగడం లేదు.