పర్వీన్ చాచి గిన్నె

పక్క ఫ్లాటులోంచి ఖిచిడీ, చింతపండు ఖట్టా వాసన వస్తే నా చెంప ఇప్పటికీ చురుక్కుమంటుంది.

చిన్నప్పుడు మట్టెవాడలో మా పక్కిల్లు పర్వీన్ చాచిది. ఆమె ఖిచిడీ పంపితే, ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని అమ్మ అందులో సర్వపిండి పెట్టి పంపేది. నాన్న కాలు విరిగి మంచాన పడ్డాక, ఒకరోజు ఆకలికి తాళలేక బియ్యం డబ్బా మూత తీశాను. లోపల ఒక్క గింజ లేదు. చాచి పేరు చెక్కిన గిన్నె మాత్రం ఉంది.

అమ్మ దొంగిలించిందనుకున్నాను. గిన్నె పట్టుకుని పరుగెత్తాను.

"చాచీ, మా అమ్మ దొంగ కాదు. ఇచ్చుడు మర్చిపోయింది."

చాచి గిన్నెలోకి చూసింది. నా మొహంలోకి చూసింది. గిన్నె అందుకుంది.

ఇంటికొచ్చి చెప్పగానే అమ్మ చెంప మీద కొట్టింది.

"ఉత్త గిన్నె ఇచ్చచ్చినవానే? ఇంట్ల గింజ లేదని ఆమెకు తెల్వదా ఇగ?"

అమ్మ పరువు కాపాడాననుకున్నాను. ఆమె దాచుకున్న ఆకలిని నేనే బయటపెట్టానని తెలిసేసరికి నేనూ తల్లినయ్యాను.

సాయంత్రం చాచి అదే గిన్నె నిండా ఖిచిడీ తెచ్చింది. "రోజూ ఉత్తదే పంపు అక్కా," అంది.

మేం ఆవురావురుమంటూ తిన్నాం. అమ్మ ఆ గిన్నె కడిగి ఒళ్లో పెట్టుకుని, అందులో వేయడానికేమైనా ఉందేమోనని ఇల్లంతా చూస్తూ కూర్చుంది.