కారుకు పోసిన మజ్జిగ

ఆ రోజుల్లో పుస్తకంలో చదివిన సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం అరిగేది కాదు. పగలు నంద్యాలలో విత్తనాల అంగడిలో పని, సాయంత్రం గ్రంథాలయం. అక్కడ మోటార్ల మీద ఉన్న ఒకే ఒక్క ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని నమిలేశాను (కారు నడపడం మాత్రం రాదు). సరిగ్గా అప్పుడే మా మేనమామ, మద్రాసులో ఎవరో దొర వదిలిపోయిన ఎర్రటి పాత రేసుకారు కొని తెచ్చాడు. ఇద్దరే పట్టే ఆ కారు పొద్దున చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే గర్జించేది. వేడెక్కాక ఆపితే మాత్రం మొండి ఎద్దులా కూలబడేది. గంటసేపు బతిమాలినా లేవదు.

"పెట్రోలు పైపులోనే ఉడికి ఆవిరైపోతాంది మామా. ఆ ఆవిరి ఇంజనుకు పెట్రోలు పోకుండా అడ్డం పడతాంది" అని తేల్చాను.

"ఉడికేకి అదేమన్నా ఎసరా? సరే, రేపు ఆళ్లగడ్డకు పోయొద్దాం. యాడన్నా మొరాయించిందా, పాత ఇనుమోనికి ఏసేస్తా. నువ్వు మళ్లా నా ముందర పుస్తకం మాట ఎత్తగూడదు."

మర్నాడు పెట్రోలు పంపుకు, పైపుకు తడి గోనెపట్టా చుట్టి, మామ పక్కన కూర్చున్నాను. "ఇంజను ఆపొద్దు మామా" అని దారి పొడుగునా జపం చేశాను. కారు బుద్ధిగా ఆళ్లగడ్డ చేరింది. చేరగానే మామ వియ్యంకుడు తన ఇంటి ముందే ఎదురయ్యాడు. ఇంజను ఆడిస్తూ వియ్యంకుణ్ణి పలకరించడమంటే, ఎప్పుడు వెళ్లిపోదామా అని చూస్తున్నట్టే లెక్క. మామ టక్కున ఆపేశాడు.

"మామా!"

"నోరు ముయ్యిరా, మర్యాద ఉండద్దా?"

"ఏం బావా, దిగకుండానే పోతాండావా?" అంటూ వియ్యంకుడు చెంబులతో మజ్జిగ తెప్పించాడు. వానల గురించి, వేరుశనగ ధర గురించి, ఆ ఇంటి కోడలైన మామ కూతురి వేవిళ్ల గురించి మాట్లాడుకున్నారు. (పైపులో పెట్రోలు కుతకుతమంటోందని నాకు ఒక్కడికే తెలుసు.) తర్వాత మామ తాళం తిప్పాడు. కారు కూలబడింది. మళ్లీ తిప్పాడు. ఊహూ.

"ఈడ పాత ఇనుమోని ఇల్లు యాడుంది బావా?" అన్నాడు మామ, నా వైపు చూడకుండా.

బానెట్ ఎత్తాను. గోనెపట్టా అప్పడంలా ఎండిపోయి ఉంది. నీళ్ల కోసం లోపలికి పరిగెత్తే ఓపిక లేక, చేతిలోని చెంబెడు మజ్జిగను దాని మీద కుమ్మరించాను. బుస్సుమని పొగ లేచింది. వీధంతా తాలింపు మాడిన వాసన.

"మా ఇంటి మజ్జిగ నీ నోటికి పనికిరాల్యా అప్పా?" అన్నాడు వియ్యంకుడు.

మామ ముఖం కారు కంటే ఎర్రబడింది. పొగ తగ్గాక, "ఒక్కసారి తిప్పు మామా" అని బతిమాలాను. రెండు దగ్గులు దగ్గి, కారు గర్జించింది!

వియ్యంకుడు ఫక్కున నవ్వాడు. "మజ్జిగ తాగే కారు యాడా చూడల్యా బావా! నన్ను రుద్రవరం దాకా తిప్పుకోని రా పో" అంటూ వచ్చి నా సీట్లో కూర్చున్నాడు. ఇద్దరూ వెళ్లిపోయారు. "ఆపొద్దు!" అని వెనక నుంచి అరిచాను. నిజంగానే ఆపలేదు, సాయంత్రమైనా తిరిగి రాలేదు.

నంద్యాల బస్సులో పక్కాయనకు పెట్రోలు ఎట్లా ఉడుకుతుందో, దాన్ని నేనెట్లా జయించానో వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అంతా బాగుందిగానీ, కారు బాగు చేసినోనివి నువ్వు బస్సులో పోతాండావేందప్పా?" అన్నాడు.

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. కారు బతికింది కదా, అంతకంటే ఏం కావాలి అనుకున్నాను. ఆ పిచ్చి కుర్రవాడు ఇప్పుడు ఎదురైతే, నా పక్కన కూర్చోబెట్టుకుని, పెట్రోలు ఎందుకు ఉడుకుతుందో మొదటి నుంచీ చెప్పించుకుని వింటాను.