ఇంజను తీసేసిన కారుతో కీసర గుట్టకు

మా పాత కారు ఇంజను పూర్తిగా పోయినప్పుడు, శామీర్‌పేటలో షెడ్డున్న మెకానిక్ భాయ్ దాన్ని తుక్కుకు ఇవ్వనివ్వలేదు.

"ఇంజను తీసేసి మోటారు పెడదామక్కా. బ్యాటరీలు ఎట్లున్నయో చూపించే మిషిన్ నువ్వు జెయ్యి" అన్నాడు.

మేడ్చల్‌లో ఒక కంపెనీలో సర్క్యూట్ బోర్డులు పరీక్షించడం నా ఉద్యోగం. ఎవరో చేసిన వాటిలో తప్పులు వెతకడమే తప్ప, సొంతంగా ఏదీ చేసి ఎరగను. అందుకే వెంటనే ఒప్పుకున్నాను.

ఒక్కో బ్యాటరీ పెట్టె మీద అగ్గిపెట్టెంత బోర్డు బిగించాను. అది వేడినీ వోల్టేజీనీ కొలిచి, తీగ లేకుండానే నా ఫోనుకు పంపుతుంది. షెడ్డులో బ్రహ్మాండంగా పనిచేసింది. వచ్చినవాళ్లందరికీ భాయ్ నా ఫోను చూపించి మురిసిపోయాడు.

మొదటిసారి రోడ్డెక్కిన రోజు, ఎత్తు ఎక్కుతుంటే కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఫోనులో మాత్రం అన్నీ ముప్పై ఒక్క డిగ్రీలే. భాయ్ బండి పక్కకు తీసి డిక్కీ తెరిచాడు. బ్యాటరీ మీద ఒక బోల్టు వదులై, దాని తొడుగు కరిగిపోయి ఉంది.

"ఫోన్ల సల్లగుందంటాంది. ఈడ జూస్తే కాలుతాంది. ఏందక్కా గిది?"

షెడ్డుకు తిరిగొచ్చి పరీక్షిస్తే సంగతి తెలిసింది. మోటారు గట్టిగా లాగినప్పుడల్లా దాని విద్యుత్ అలజడికి వైర్‌లెస్ తెగిపోతోంది. తెగిన సంగతి చెప్పకుండా ఫోను పాత అంకెలే చూపిస్తోంది. ఆ ప్రోగ్రాం అలా రాసింది నేనే.

బోల్టు బిగించి, తొడుగు మార్చి, మళ్లీ మొదలుపెట్టాం. బ్యాటరీల నుంచి స్టీరింగు కింది బోర్డు దాకా, మోటారు కేబుళ్లకు దూరంగా, అలజడి అంటకుండా మెలేసిన జత తీగలు లాగాం. అక్కణ్ణుంచి ఫోనుకు మాత్రమే వైర్‌లెస్. కబురు అందకపోతే అంకె చెరిగిపోయి బజర్ మోగేలా మార్చాను. బ్యాటరీలోంచి పోయే కరెంటు కొలత కూడా ఫోనులో కలిపాను. భాయ్ కావాలనే ఒక తీగ పీకాడు. బజర్ చెవులు చిల్లులు పడేలా మోగింది.

"ఇగ నమ్ముత. పా, కీసర గుట్ట ఎక్కుదాం!"

భాయ్ నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. వెనక సీట్లో వాళ్లావిడ నా ఫోను పట్టుకుని వేడి అంకెలు పైకి చదవసాగింది. "ముప్పై ఎనిమిది... నలభై... నలభై రెండు..." చివరి మలుపు నిటారుగా ఉంది. "నలభై రెండే... నలభై రెండే..."

వెనక్కి తిరిగి ఫోను వంక చూశాను. అంకె మళ్లీ పాతదే నిలిచిపోయిందా? బజర్ మోగలేదే! ఇంతలో మలుపు దాటి రోడ్డు చదునైంది.

"నలభై ఒకటి! తగ్గుతాందక్కా!"

గుట్ట మీదికి చేరగానే ముగ్గురం ఒక్కసారి అరిచాం. కొబ్బరికాయలమ్మే ఆవిడ ఉలిక్కిపడి చూసింది.

దిగేటప్పుడు స్టీరింగు నేను తీసుకున్నాను. రెండో మలుపు దగ్గర వెనక నుంచి భాయ్ వాళ్లావిడ కంగారుగా, "అక్కా, కరెంటు కాడ మైనస్ వస్తాంది, ఖరాబైందా?" అంది.

"లేదమ్మా, కరెంటు వెనక్కొస్తోంది. పల్లంలో బండే బ్యాటరీని నింపుకుంటోంది" అన్నాను. నా గొంతులో గర్వం నాకే వినిపించింది.