నత్త మామ గేటు

వీధిలో అతన్ని నత్త అంటారు. లారీ నడిపినంత కాలం ఎవరినీ దాటి ముందుకు పోలేదని పెట్టిన పేరు అది. ముఖం మీదే అన్నా అతనికి కోపం వచ్చేది కాదు. "నత్తనే. నా ఇంజను ఇప్పటిదాకా ఎవడైనా విప్పాడా?" అనేవాడు. అతనితోపాటు లారీలు కొన్నవాళ్లంతా ఇంజన్లు విప్పించి, బిగించి, మళ్లీ విప్పించారు. జీవితంలో తాను గెలిచింది ఏదైనా ఉంటే ఈ విప్పని ఇంజనొక్కటేనని అతని నమ్మకం.

ఎడమ మోకాలు క్లచ్ తొక్కనని మొరాయించాక లారీ అల్లుడి చేతికి వెళ్లింది. మొదటి రోజే నత్త అల్లుడికి చెప్పాడు.

"బరువు లాక్కొచ్చిన బండిని రాగానే ఆపకు. ఇంజను కాసేపు ఊరికే తిరగనివ్వు. టర్బో చల్లబడాలి."

అల్లుడు పక్కనున్న డ్రైవర్ల వైపు చూసి కన్నుగీటాడు. "జోలపాట కూడా పాడమంటారా మామయ్యా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో మామా అల్లుళ్ల మధ్య మాటలు తెగిపోయాయి. ఒకే గదిలో పక్కపక్కనే కూర్చుని తింటూ కూడా, ఏమనాలన్నా కూతురి మీదుగా అనుకునేవారు.

"మీ నాన్న ముఖం పుట్టుకతోనే అంతా?" అనేవాడు అల్లుడు.

"కాదమ్మా, నీ పెళ్లైనప్పటి నుంచి," అనేవాడు అతను.

టర్బో అంటే ఇంజను వదిలే వేడి పొగ విసురుకు గిర్రున తిరుగుతూ ఇంజనుకు గాలి కూరే చిన్న చక్రం. ఇంజను ఆపగానే దాని ఇరుసుకు ఆయిల్ రావడం ఆగిపోతుంది. చక్రం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆ వేడికి లోపల మిగిలిన ఆయిల్ మాడుతుంది.

మాట చెల్లకపోతే గేటు చెల్లుతుందనుకున్నాడు నత్త. లారీ వచ్చి హారన్ కొట్టగానే కుర్చీలోంచి మెల్లగా లేచేవాడు. చెప్పులు వెతుక్కునేవాడు. తాళంచెవి లేని జేబంతా తడుముకుని, ఆ తర్వాత ఉన్న జేబులో చెయ్యి పెట్టేవాడు. గొలుసును చుట్టు తర్వాత చుట్టు విప్పేవాడు. అంతసేపూ బయట ఇంజను నిదానంగా తిరుగుతూ చల్లబడేది.

"మీ నాన్న తాళం తీస్తున్నాడా, వేస్తున్నాడా?" అని క్యాబిన్‌లోంచి అరిచేవాడు అల్లుడు.

ఇంజనుకు మేలు, అల్లుడికి మంట. రెండిట్లో తనకేది ఎక్కువ ఇష్టమో నత్తకే తెలియదు.

ఒకరోజు మోకాలు చూపించుకుని వచ్చేసరికి వాకిట్లో రెండు స్తంభాలే ఉన్నాయి. గేటు ఊడి గోడకు ఆనుకుని ఉంది.

"గేటుకు కూడా కీళ్ల నొప్పులట. విశ్రాంతి ఇచ్చానని చెప్పు మీ నాన్నకు."

ఆ రోజు నుంచి లారీ రొప్పుతూనే లోపలికి దూసుకొచ్చేది. వచ్చీ రాగానే తాళం తిప్పి ఇంజను ఆపేసేవాడు అల్లుడు. ఇంజను నోరు మూశాక, ఎండిపోయి తిరిగే చక్రం సన్నని కూత నత్తకు వినిపించేది. పళ్లు కొరుక్కునేవాడే గాని పెదవి విప్పలేదు. చెడనీ, చెడితే నా కాళ్ల దగ్గరికే వస్తాడు అనుకున్నాడు.

చెడింది. ఎత్తు ఎక్కుతుండగా నీలం పొగ కక్కి, ఇంకో లారీ వెనక ఇనుప తాడుతో ఇంటికొచ్చింది. మెకానిక్ టర్బో ఊడదీసి చక్రాన్ని వేలితో కదిపాడు. వదులైన పన్నులా ఆడింది. ఇరుసు చుట్టూ నల్లగా పెచ్చు కట్టింది.

"ఆయిల్ మాడి బొగ్గయింది. రాగానే ఆపేస్తున్నారు కదూ? రెక్కలు విరిగి ముక్కలు లోపలికి పోయాయి. ఇంజను విప్పాల్సిందే."

నత్త కుర్చీలోంచి లేవలేదు. అల్లుడు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మాటలు తెగాక మొదటిసారి కూతురు మధ్యలో లేదు.

"ఇలా అవుతుందని మీకు తెలుసా?"

"తెలుసు. చెప్పాను. నవ్వావు."

"ఒక్కసారి నవ్వితే, బండి చచ్చేదాకా చూస్తూ కూర్చుంటారా?"

"గేటు ఊడబీకింది నేనా?"

"గేటు దేనికని నోరు తెరిచి చెప్పారా?"

కూతురు తడి చేతులతో బయటికొచ్చింది. "నా పిల్లల కూడు మీద పంతం ఆడారు ఇద్దరూ. ఇంకొక్క మాట వినబడితే పొయ్యి వెలిగించను."

మర్నాడు ఇంజను భాగాలన్నీ గోనెపట్టా మీద పరిచి ఉంటే, నత్త కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

లారీ మళ్లీ కదిలేనాటికి కూతురు గేటు బిగించేసింది. తాళంచెవి తన కొంగున ముడి వేసుకుంది. ఇప్పుడు లారీ వచ్చి హారన్ కొడితే ఎవరూ లేవరు. ఇంజను ఊరికే తిరుగుతూ ఉంటుంది. అల్లుడు క్యాబిన్‌లోంచి మామను, మామ కుర్చీలోంచి అల్లుణ్ణి ఊచల మధ్యగా కొరకొరా చూస్తుంటారు. ఆమె బట్టలన్నీ పిండి, దులిపి, ఒక్కొక్కటీ తీగ మీద ఆరేసి, చేతులు తుడుచుకుని, అప్పుడు వెళ్లి గేటు తీస్తుంది.