అంతా సాఫీయేనండి

మా వియ్యంకుడు గారు ఆగస్టు చివర్లో దుబాయ్ ఆసుపత్రిలో పోయారు. అంత్యక్రియలు ఇక్కడే జరిగాయి. మా అమ్మాయి ఆఫీసు మధ్యలో ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండా లోపలికి నడిచింది. నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. ఎండలు తగ్గేదాకా ఆగమన్నాను. ఆయన ఆగలేదు.

అమ్మాయీ అల్లుడూ, పిల్లలిద్దరూ పొద్దున్నే మెట్రో ఎక్కితే, డేరా అనే పేటలోని రెండు గదుల ఇంట్లో మేమిద్దరమే మిగిలేవాళ్ళం. భార్య పోయిన ఆయన, భర్త పోయిన నేను. వియ్యాలవారు పండక్కో పెళ్ళికో కలుసుకుంటే బాగుంటుంది గాని, ఒకే కప్పు కింద రోజంతా గడపడం కష్టం. నేను హాల్లోకి వస్తే ఆయన లేచి నిలబడేవారు. ఆయన లేచారని నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. చాలాకాలం అలాగే గడిచింది.

ఒకరోజు వంటింటి గుమ్మం అవతల నిలబడి అన్నారు.

"చెల్లెమ్మగారూ, మమ్జార్ ఒడ్డున చేపలు పట్టుకోడానికి పర్మిట్ తీసుకున్నానండి. మీరూ రండి. గోడలు చూసే బదులు నీళ్ళు చూద్దాం."

"వియ్యంకుడి వెంట చేపల వేటకా అన్నయ్యగారూ? నలుగురూ నవ్వరూ?"

"ఇక్కడ మనకి నలుగురెక్కడున్నారండీ!"

అది నిజం. వెళ్ళాను.

మమ్జార్‌లో సముద్రం భూమిలోకి చొచ్చుకొచ్చి పెద్ద చెరువులా నిలబడి ఉంటుంది. నీటి ముందు కూర్చుంటే ఇద్దరూ ఒకే వైపు చూస్తారు. మర్యాదకు లోటు రాదు. కాకినాడలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఆయనకు అన్ని కాలాలకూ ఒకటే సూత్రం: "చలికాలంలో చేప ఒడ్డుకొస్తుంది, మనం శాలువా కప్పుకుని వెళ్ళాలి. ఎండాకాలంలో చేప లోతుకి పోతుంది, మనం ఏసీలోకి పోవాలి. దానికీ మనకీ తేడా లేదండి."

మాకు ఎక్కువగా దొరికేది సాఫీ. రాళ్ళమీద నాచు మేసే చిన్న చేప అది. గోధుమపిండి ముద్ద ఎరకు వస్తుంది. దాని ముళ్ళు గుచ్చుకుంటే చెయ్యి మండిపోతుంది. అందుకే ఇంట్లోంచి బయలుదేరేముందు, బడి నడిపిన అలవాటుకొద్దీ, "గుడ్డ ఏదీ?" అని అడిగేదాన్ని. "హెడ్‌మిస్ట్రెస్ గారు అడుగుతారని ముందే పెట్టుకున్నానండి" అంటూ జేబు చూపించేవారు. పిల్లలు ఫోన్ చేసి ఏం పడ్డాయంటే "అంతా సాఫీయేనండి" అని తన మాటకు తానే నవ్వుకునేవారు.

ఈ ఏడాది కంటి ఆపరేషన్ కోసం నేను విజయవాడ వెళ్ళాను. ఏప్రిల్‌లో ఒకరోజు ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగాను.

"అంతా సాఫీయేనండి చెల్లెమ్మగారూ."

"ఇప్పుడు సాఫీ ఏమిటండీ? గుడ్లు పెట్టే కాలం, పట్టకూడదు కదా. పడ్డవి పడ్డట్టు నీళ్ళలో వదిలేయండి."

ఆయన నవ్వి, "అలాగేనండి. వదిలేస్తాను" అన్నారు.

అప్పటికి ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. గుండె సగమే పనిచేస్తోందట. నా కన్ను మానేదాకా చెప్పొద్దని పిల్లల దగ్గర మాట తీసుకున్నారు. ఆ ఒక్కసారి ఆయన సాఫీ అన్నది చేపల సంగతి కాదు.

నేను తిరిగి వచ్చేసరికి ఆయన్ని ఇంటికి తెచ్చారు. మంచం దిగనివ్వడం లేదు. "ఎండలు తగ్గాక ఒక్కసారి ఒడ్డుదాకా తీసుకెళ్ళండి. గాలం ముట్టుకోను. ఊరికే కూర్చుంటాను" అన్నారు.

"ముందు మందులు వేసుకోండి, తరువాత చూద్దాం" అన్నాను. మాట ఇవ్వడం నాకు అలాగే వచ్చు. ఆయనకది తెలుసు.

రోజూ పొద్దున్నే "గాలి ఎలా ఉందండీ?" అని అడిగేవారు. బాల్కనీ తలుపు తీసేదాన్ని. పొయ్యి మీది గిన్నె మూత తీసినట్టు వేడి ముఖాన కొట్టేది. "ఇంకా లేదు" అని మూసేదాన్ని. ఆగస్టు అంతా అదే ప్రశ్న, అదే జవాబు. చివరి వారం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి కిటికీలు తెరుచుకోవు.

అక్టోబరులో ఒక సాయంత్రం గాలి మారింది. ఒక్కదాన్నే మమ్జార్ వెళ్ళాను. మా పక్కనే ఎప్పుడూ గాలాలు వేసే మలయాళీ పెద్దాయన నన్ను చూసి హిందీలో పలకరించాడు.

"అమ్మా, బాబా నై ఆయా?"

"చలే గయే." వెళ్ళిపోయారన్నాను.

"ఇండియా? వీసా కాన్సిల్ కర్‌కే?"

ఇక్కడ మనిషి కనబడకపోతే ఊరికి పోయాడనే అనుకుంటారు. "నై" అన్నాను. పెద్దాయన నా ముఖం చూసి నీళ్ళ వైపు తిరిగాడు. ఆయన గాలాల్లో ఒకటి మేము కూర్చునే రాళ్ళ ముందు వేసి ఉంది. దాన్ని మెల్లగా చుట్టి తీసి, అవతలి వైపు వేసుకున్నాడు. దీపాలు వెలిగేదాకా ఆ మేర నీళ్ళలో ఎవరూ గాలం వేయలేదు.